ఉబుంటు డెస్క్‌టాప్‌లో వైఫై మాటిమాటికీ పోతోంది, ఫోన్‌లో మాత్రం బాగుంది. ఏం చేయాలి?

ఉబుంటు తీసేసి మళ్ళీ వేద్దామనుకుంటున్నానని రాశారు. అప్పుడే అంత పని పెట్టుకోకండి. ఇదే బాధ నేను రెండు నెలలు పడ్డాను.

మాది రాయగడ. చిన్న జిరాక్స్ షాపు, ఆన్‌లైన్ ఫారాలు కూడా నింపుతాం. స్కాలర్‌షిప్‌కి ఆఖరి రోజున ఒకమ్మాయి ఫోన్‌కి ఓటీపీ వచ్చింది, నేను కొట్టేలోగా వైఫై పోయింది. "అన్నా, అవుతుందా?" అని ఆ పిల్ల అడుగుతుంటే నాకు చెమటలు పట్టాయి. చివరికి నా ఫోన్‌ని కేబుల్‌తో సీపీయూకి తగిలించి, యూఎస్‌బీ టెథరింగ్ (ఫోన్ నెట్‌ని కేబుల్ ద్వారా కంప్యూటర్‌కి ఇవ్వడం) ఆన్ చేసి గట్టెక్కించాను. ఉబుంటు దాన్ని వైరు కనెక్షన్‌లాగే తీసుకుంటుంది. ఈ దారి గుర్తుంచుకోండి, వైఫైని నడిపే సాఫ్ట్‌వేర్, అంటే డ్రైవరే లేనప్పుడు కూడా పనికొస్తుంది.

ఆ రాత్రి కూర్చుని టెర్మినల్‌లో (కమాండ్లు టైపు చేసే కిటికీలో) 'ఐపీ రూట్' కొట్టాను. 'డిఫాల్ట్ వయా' పక్కన కనిపించేదే రౌటర్ అడ్రస్. దానికి పింగ్ (జవాబు వస్తోందా అని మాటిమాటికీ అడిగే కమాండ్) పెట్టి వదిలేశాను. వైఫై పోయినప్పుడల్లా రౌటర్ నుంచే జవాబు ఆగిపోతోంది. అంటే తప్పు బయటి లైన్‌ది కాదు, నా టేబుల్‌కీ రౌటర్‌కీ మధ్యే ఉంది.

మొదట కరెంటు ఆదా కోసం వైఫైని మధ్యమధ్యలో నిద్రపుచ్చే పవర్ సేవింగ్ తీసేశాను. ఈటీసీ అనే సిస్టమ్ ఫోల్డర్లో నెట్‌వర్క్‌మేనేజర్ ఫోల్డరు, దాని లోపల 'కాన్ఫ్ డాట్ డి' ఉంటాయి. అక్కడి ఫైల్లో వైఫై పవర్‌సేవ్ విలువ 3 అని ఉంటే ఆన్‌లో ఉన్నట్టు. సుడోతో (అడ్మిన్ అనుమతితో) తెరిచి 2 చేసి, నెట్‌వర్క్‌మేనేజర్‌ని రీస్టార్ట్ చేయాలి. దాంతో సగం తగ్గింది.

మిగతా సగం ఫొటోలు హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేస్తున్నప్పుడు దొరికింది. కాపీ మొదలైతే చాలు, పింగ్ తడబడుతోంది. సీపీయూ వెనక్కి తిప్పి చూస్తే నీలం పోర్టులో హార్డ్‌డిస్క్, దాన్ని ఆనుకునే వైఫై డాంగిల్ (వైఫై అందుకునే చిన్న యూఎస్‌బీ ముక్క)! ఆ నీలం పోర్టు యూఎస్‌బీ 3.0ది; అది పనిచేసేటప్పుడు పుట్టే రేడియో రొద సరిగ్గా 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మీదే పడుతుంది. మీటరు పొడవు ఎక్స్‌టెన్షన్ కేబుల్ వేసి డాంగిల్‌ని టేబుల్ మీదికి తెచ్చాను. ఆ తర్వాత ఒక్క ఫారం కూడా మధ్యలో ఆగలేదు. మీ డాంగిల్‌కీ రౌటర్‌కీ 5 గిగాహెర్ట్జ్ ఉంటే దానికి మారినా సరిపోతుంది.

అసలు వైఫై గుర్తే కనిపించకపోతే అది వేరే సమస్య. 'ఆర్‌ఎఫ్‌కిల్ లిస్ట్' కొట్టి, బ్లాక్ అయిందేమో చూడాలి.

మీ డాంగిల్ ఏ పోర్టులో ఉంది, పక్కన ఏముంది? 'ఎల్‌ఎస్‌యూఎస్‌బీ' కొడితే వచ్చే పేరు కూడా రాయండి, డ్రైవర్ సంగతి చూద్దాం.