అనుకోకుండా గర్భం వచ్చింది. గర్భస్రావానికి మాత్రలు సరిపోతాయా? భర్త సంతకం కావాలా?

ఎన్ని వారాలన్నదాన్ని బట్టి ఉంటుంది. చివరి నెలసరి మొదలైన రోజు నుంచి లెక్కేస్తారు, కలిసిన రోజు నుంచి కాదు; చాలామంది ఇక్కడే పొరబడతారు. మన దేశంలో 9 వారాల వరకు మాత్రలతో చేయొచ్చు: ముందు మిఫెప్రిస్టోన్, ఒకటి రెండు రోజులకు మిసోప్రోస్టాల్. నొప్పి, రక్తస్రావం మామూలే. గంటకు రెండు ప్యాడ్ల చొప్పున రెండు గంటలు తడుస్తుంటే మాత్రం వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. మెడికల్ షాపులో తెచ్చుకుని మింగేయకండి. గర్భం గర్భసంచిలో కాకుండా పక్కనున్న ట్యూబులో ఉంటే ఇవి పనిచేయవు, ప్రాణం మీదికొస్తుంది. ముందు డాక్టరుకు చూపించుకోండి. 12 వారాల వరకు వాక్యూమ్ (గొట్టంతో పీల్చి తీసే) పద్ధతి ఉంది, నిమిషాల పని.

చట్టప్రకారం 20 వారాల దాకా ఒక డాక్టరు అభిప్రాయం చాలు. 18 నిండితే మీ సంతకమే సరిపోతుంది, భర్తది అక్కర్లేదు. పెళ్లి కాకపోయినా హక్కు ఉందని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది.