ఫ్లెక్సిబుల్ వర్క్‌ఫ్లో మీద థీసిస్ అంటే ముందు ఎర్ర నోటుబుక్కు కథ వినండి

హన్మకొండలో ఎంటెక్ చేస్తున్నానని, గైడ్ 'ఫ్లెక్సిబుల్ వర్క్‌ఫ్లో' (కంప్యూటర్ నడిపించే పని మెట్లను అవసరాన్ని బట్టి మార్చుకునే వీలు) మీద థీసిస్ చేయమన్నారని, ఇది పాతబడిపోయిన సబ్జెక్టా, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు కదా. ఇదే టాపిక్‌తో నేను రెండేళ్లు కుస్తీ పట్టాను. పాతదే, కానీ తెగిన లెక్క కాదు.

నాకిది అర్థమైంది మిర్చి బస్తాల దగ్గర. ఎంటెక్‌కి ముందు చిన్న సాఫ్ట్‌వేర్ షాపులో పనిచేస్తూ, మన వైపు ఒక మార్కెట్ యార్డులో అడ్తి వ్యాపారికి ప్రోగ్రాం రాసిచ్చాం. గేటు ఎంట్రీ, లాట్ నంబరు, వేలం, కాంటా, తక్‌పట్టీ (రైతుకిచ్చే లెక్క చీటీ), చెల్లింపు. ఆరు మెట్లు, ఒకటి ఎక్కితే దిగడం లేదు. బోర్డు మీద గీసినప్పుడు ముచ్చటగా ఉంది. సీజన్ మొదలయ్యాక చూస్తే, వేలంలో ధర పలికాక కాంటా దగ్గర బస్తా విప్పి ఖరీదుదారు "అడుగున తాలు ఉంది, ధర తగ్గించాలె" అంటాడు, రైతు ఒప్పుకోడు, లాట్ మర్నాడు మళ్లీ వేలానికి పోతుంది. మా ప్రోగ్రాంలో ఆ దారి లేదు. గుమాస్తా ఆ లాట్‌ని 'పొరపాటు ఎంట్రీ' కింద కొట్టేసి, కొత్త నంబరుతో ఎక్కించి, అసలు సంగతి ఎర్ర అట్ట నోటుబుక్కులో రాసుకునేవాడు. ఇదేంటని అడిగితే "సారూ, నీ కంప్యూటర్ల ఎనుకకు మర్రే తొవ్వ లేకపాయె, మరి నేనేం జెయ్యాలె" అన్నాడు. సీజన్ అయ్యాక సేటు ఎన్ని లాట్లకు వేలం తర్వాత ధర తగ్గించమన్నారని అడిగితే కంప్యూటర్ సున్నా చూపించింది, పొరపాటు ఎంట్రీలు మాత్రం కుప్పలు. గుమాస్తాకు పని రాదనుకున్నాడాయన. తప్పు మాది.

తర్వాత చదువుతుంటే తెలిసింది, దీని మీద ఎప్పటి నుంచో జుట్టు పీక్కుంటున్నారని. నడుస్తున్న పని మధ్యలో ప్రాసెస్ మారిస్తే ఏమవుతుందన్న ప్రశ్నను ఎల్లిస్, కెద్దారా, రోజెన్‌బర్గ్ 1995లోనే పేపర్‌గా రాశారు. జర్మనీలో ఉల్మ్ యూనివర్సిటీకి చెందిన రైకర్ట్, దాదం కలిసి నడుస్తున్న పనిని మధ్యలోనే మార్చే అడెప్ట్‌ఫ్లెక్స్ అనే పద్ధతిని 1998లో చూపించారు. నా మటుకు మొదట చదవాల్సింది ఇదే. రేపటి నుంచి వేలానికి ముందే తేమ పరీక్ష పెట్టాలన్నారనుకోండి, ఇవాళ వేలం అయిపోయి కాంటా కోసం ఆగిన లాట్లను ఏం చేయాలి? ఈ దారిలో వచ్చిన జవాబు మొత్తం మీద ఇది: ఆ లాట్‌కి ఇప్పటిదాకా జరిగిన మెట్లు కొత్త పద్ధతిలో కూడా అదే వరసలో జరగగలిగేవే అయితే కొత్తదానికి మార్చు, లేకపోతే పాత పద్ధతిలోనే ముగించనివ్వు. వినడానికి తేలిగ్గా ఉంటుంది కానీ లూపులు, పక్కపక్కన నడిచే పనులు వచ్చాక లెక్క చిక్కుబడుతుంది, థీసిస్‌లు పుట్టేది అక్కడే.

ఇంకో దారి డిక్లేర్. నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్‌లో మాయా పెసిచ్, వాన్ డెర్ ఆల్స్ట్ వాళ్లది. దారి గీయరు, హద్దులు చెబుతారు. 'కాంటా కాకుండా తక్‌పట్టీ రాయొద్దు' అని ఒక్క మాట రాస్తే చాలు, మిగతాది మనిషి ఇష్టం. మా యార్డు కథకి సరిగ్గా సరిపోయేది ఇదేనని సంబరపడి కూర్చుని రాశాను, నిబంధనలు పదిహేను దాటేసరికి ఇప్పుడు ఏం చేయొచ్చో ఏం చేయకూడదో రాసిన నాకే అర్థం కాలేదు, ఇక గుమాస్తాకి ఏం చెబుతాం. కేస్ హ్యాండ్లింగ్ (మెట్ల వరస కన్నా కేసు మొత్తాన్ని ముందు పెట్టుకుని పనిచేయడం) అని 2005లో ఒక పేపర్ ఉంది, 2014లో వచ్చిన సీఎంఎంఎన్ అనే కేసులు గీసే ప్రమాణం ఆ దారిలోదే, ఆలోచన మంచిదైనా ప్రాసెస్ మెట్లు గీసే బీపీఎంఎన్ ప్రమాణంలా జనంలోకి పోలేదు, కముండా 8 అనే వర్క్‌ఫ్లో ఇంజిన్‌లో అయితే దానికి చోటే లేదు. యాల్ (YAWL) అనే వర్క్‌ఫ్లో సిస్టమ్‌లో వర్క్‌లెట్లు, అంటే ఒక మెట్టు దగ్గర సందర్భాన్ని బట్టి ఎంచుకునే చిన్న ప్రాసెస్‌లు, కూడా ఒకసారి చూడండి. ఇప్పుడు అందరూ ఏఐ ఏజెంట్లు అంటున్నారు, తర్వాతి మెట్టు ఏజెంటే ఎంచుకుంటే దాని హద్దులు ఎవరు రాయాలి అన్నది మళ్లీ డిక్లేర్ ప్రశ్నే. అందుకే పాతబడిందని కొట్టేయకండి.

కొత్త ఇంజిన్ కట్టేస్తానని మాత్రం గైడ్ దగ్గర ఒప్పుకోకండి, టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. ఒక్క రకం మార్పు, ఒక్క ప్రాసెస్ పట్టుకోండి. డేటా కోసం అందరూ 2012 బీపీఐ ఛాలెంజ్ అనే పోటీకి ఇచ్చిన లాగ్ (ఏ కేసులో ఏ మెట్టు ఎప్పుడు జరిగిందో సిస్టమ్ రాసుకున్న చిట్టా) దించుకుంటారు, ఒక డచ్ ఆర్థిక సంస్థ లోన్ దరఖాస్తులు, 13,087 కేసులు. పైథాన్ వస్తే పీఎం4పై అనే లైబ్రరీతో ఆ లాగ్ మీద చేయి తిప్పుకోవడానికి బాగుంటుంది. కాకపోతే ఒకటి, సిస్టమ్ ఒప్పుకోని పని లాగ్‌లో ఉండదు. మా సున్నా గుర్తుంది కదా.

కాబట్టి ఫిబ్రవరి, మార్చిలో మిర్చి జోరుగా వచ్చే రోజుల్లో ఏదో ఒక అడ్తి కొట్లో నాలుగు రోజులు కూర్చోండి, "మీ ప్రాసెస్ ఏంటి" అని అడగకండి, ఎవరైనా ఉండాల్సిన పద్ధతే చెబుతారు. "పోయిన వారం కంప్యూటర్లో ఎక్కనిది ఏముంది" అని అడగండి. నేను ఆ గుమాస్తాని బతిమాలి నోటుబుక్కు తీసుకుని, పేర్లన్నీ తీసేసి లాగ్‌తో పక్కపక్కన పెట్టి చూశాను, నా థీసిస్‌లో పనికొచ్చిన చాప్టర్ అదొక్కటే. మొదట ఇయ్యనన్నాడు, అందులో ఆయన చేబదుళ్ల లెక్కలు కూడా ఉన్నాయట.