గాజు సీసాలో బేక్ చేసి మూత బిగించిన కేక్ నెలల తరబడి నిల్వ ఉంటుందా?

ఉండదు. పాడైనా పైకి కనిపించకపోవడమే ఇందులో అసలు ప్రమాదం.

వేడి సీసాకు మూత బిగిస్తే, చల్లారేటప్పుడు టిక్‌మని మూత మధ్యభాగం లోపలికి గుంటపడుతుంది. సీల్ పడింది, ఇక ఢోకా లేదనుకుంటాం. అది లోపల గాలి తగ్గిందనడానికి గుర్తే తప్ప, సూక్ష్మజీవులు చచ్చాయనడానికి కాదు. ఓవెన్ 180 డిగ్రీల్లో ఉన్నా, తడి ఉన్నంతసేపు కేక్ నడిమి భాగం 100 డిగ్రీల సెల్సియస్ దాటదు. క్లాస్ట్రీడియం బాట్యులినమ్ అనే బ్యాక్టీరియా స్పోర్లు (విత్తనాల్లాంటి గట్టి రూపాలు) ఆ వేడిని తట్టుకుంటాయి. తర్వాత గాలి ఆడని చోటు, తేమ, 4.6 కంటే ఎక్కువ పీహెచ్ (అంటే పులుపు తక్కువ), గది వేడి దొరికితే మొలకెత్తి విషాన్ని తయారుచేస్తాయి. సీల్ వేసిన సీసాలో ఇవన్నీ ఒకేచోట అమరుతాయి. వాసన, రుచి మారకపోవచ్చు కూడా. అరటిపండు, గుమ్మడికాయ కేకులైతే తేమ మరీ ఎక్కువ, టెన్షన్ కూడా అంతే.

పైగా ఆహారాన్ని సీల్ వేసి నిల్వచేసే మామూలు క్యానింగ్ సీసాలు ఓవెన్‌లోని పొడి వేడికి చేసినవి కావు, పగలొచ్చు.

సీసాలో పెట్టి ఇవ్వాలన్న ముచ్చట ఉంటే, కేక్ విడిగా చేసి, పూర్తిగా చల్లారాక ముక్కలు పేర్చి ఫ్రిజ్‌లో ఉంచండి. మూడు నాలుగు రోజుల్లో తినేయాలి. నెలలపాటు కావాలంటే ఫ్రీజరే దారి.