కాఫీ పొడి కాదు, కుళాయి నీళ్ళు

ప్రశ్న: డాక్టర్ గారూ, మా పాపకి నాలుగేళ్ళు. మూడు వారాల కిందట ఇంట్లో పరుగెడుతూ టీపాయ్ అంచుకి కొట్టుకుంది. ఎడమ కనుబొమ పైన అంగుళం మేర చీలింది. రక్తం ధారగా కారుతుంటే మా అత్తగారు గుప్పెడు కాఫీ పొడి అద్దేశారు. ఆసుపత్రిలో అది కడగడానికే చాలాసేపు పట్టింది. నాలుగు కుట్లు వేసి ఐదో రోజు తీశారు. ఇప్పుడక్కడ ఎర్రగా, కాస్త ఉబ్బుగా గీత ఉంది. కుట్లు తీసిన రోజు కంటే ఇప్పుడే ఎక్కువ కనిపిస్తోంది. ఇంటికొచ్చిన వాళ్ళంతా "అయ్యో, ఆడపిల్ల మొహం" అంటున్నారు. మెడికల్ షాపతను ఒక ట్యూబు ఇచ్చి పది రోజుల్లో పోతుందన్నాడు. మా అక్క విటమిన్ ఇ క్యాప్సూల్ పిండి రాయమంటోంది. అప్పుడే ప్లాస్టిక్ సర్జన్ దగ్గరికి తీసుకెళ్ళాల్సిందా? ఈ మచ్చ పోతుందా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
- ఒక తల్లి, తాడేపల్లిగూడెం

జవాబు: ముందు మీ అత్తగారి మీద కోపం తగ్గించుకోండమ్మా. మా నాయనమ్మ చేసిందీ ఇదే. నాకు తొమ్మిదేళ్ళప్పుడు అద్దె సైకిల్ మీంచి కంకర రోడ్డు మీద బోర్లా పడ్డాను. గడ్డం కింద చిట్లింది. నాయనమ్మ వంటింట్లోంచి కాఫీ పొడి డబ్బా తెచ్చి, చారెడు పొడి పెట్టి గట్టిగా అదిమింది. రక్తం ఆగింది. వీధిలో అందరూ ఆవిడ్ని మెచ్చుకున్నారు. లోపల ఇసుక ఉండిపోయిందన్న సంగతి ఎవరికీ పట్టలేదు. నలభై ఏళ్ళు దాటినా నా గడ్డం కింద ఆవగింజంత నీలం చుక్క అలాగే ఉంది. "పెన్నుతో గీసుకున్నారా ఆంటీ?" అని క్లినిక్‌కి వచ్చే పిల్లలు అడుగుతుంటారు.

రక్తాన్ని ఆపింది పొడి కాదు, నాయనమ్మ చెయ్యి. శుభ్రమైన గుడ్డ పెట్టి 10 నిమిషాలు వదలకుండా అదిమితే చాలావరకు ఆగిపోతుంది. మనవాళ్ళు అర నిమిషానికోసారి గుడ్డ తీసి "ఆగిందా, లేదా" అని చూస్తారు, దాంతో మళ్ళీ మొదటికొస్తుంది. మొహానికి రక్త ప్రసరణ ఎక్కువ. అందుకే చిన్న గాయమైనా చూసేవాళ్ళకి గుండె జారిపోయేంత రక్తం వస్తుంది. తొందరగా మానేదీ అందుకే. రక్తం ఆగాక కుళాయి కింద ధారగా నీళ్ళు పోస్తూ 5 నుంచి 10 నిమిషాలు కడగాలి. పసుపు, సున్నం, టూత్‌పేస్ట్, బూడిద ఏవీ వద్దు. అవన్నీ కడిగి తీయడానికి మాకు, ఏడవడానికి పిల్లలకి అదనపు పని. గాయం నోరు తెరుచుకుని ఉన్నా, అర అంగుళం దాటినా, అదిమినా రక్తం ఆగకపోయినా అదే పూట ఆసుపత్రికి వెళ్ళాలి. "రేపు చూద్దాం" అనుకుంటే కుట్టు వేయడం కష్టమవుతుంది, మచ్చా పెద్దదవుతుంది. తలకి దెబ్బ తగిలి వాంతులు చేసుకుంటున్నా, మత్తుగా ఉన్నా మచ్చ గురించి తర్వాత ఆలోచించవచ్చు, ముందు పరుగెత్తండి.

ఇక మీ పాప సంగతి. మూడు వారాలకి ఎర్రగా ఉబ్బడం చెడిపోవడం కాదు, మానుతున్న తీరే అంత. చీలిన చోట శరీరం కొత్త పీచు అల్లుతోంది. ఆరు నుంచి పన్నెండు వారాల మధ్య ఇంకాస్త ఎర్రగా, గట్టిగా కూడా అనిపించొచ్చు. సరిగ్గా ఆ రోజుల్లోనే తల్లులు కంగారుపడి ట్యూబు మీద ట్యూబు మారుస్తారు. తర్వాత నెమ్మదిగా చదునవుతుంది, రంగు తగ్గుతుంది. పూర్తిగా కుదురుకోవడానికి ఏడాది, ఒక్కోసారి ఏడాదిన్నర పడుతుంది. మాయమైపోతుందని మాత్రం నేను చెప్పను. చర్మం లోతుగా తెగితే గీత మిగులుతుంది. దాన్ని సన్నగా, పక్కన కూర్చున్నవాళ్ళు కూడా వెతుక్కునేలా చేసుకోవడమే మన పని. గీత అడ్డంగా ఉందో నిలువుగా ఉందో మీరు రాయలేదు. అడ్డంగా ఉంటే మీ అదృష్టం. నుదుటి ముడతలు అడ్డంగానే వస్తాయి కాబట్టి వాటిలో కలిసిపోతుంది.

ప్లాస్టిక్ సర్జన్ గురించి బాధపడకండి. తిన్నగా తెగిన గాయాన్ని అలవాటున్న డాక్టరెవరైనా చక్కగా కుడతారు. ఐదో రోజున కుట్లు తీశారంటే ఆయనకి పని తెలుసు. మొహం మీద కుట్లు పది రోజులు ఉంచితే గీతకి అటూ ఇటూ రైలు పట్టాల్లా మచ్చలు పడతాయి. పెదవి రంగు మొదలయ్యే అంచు తెగినా, కనురెప్ప అంచు చీలినా, చెవిలో, ముక్కులో ఉండే మెత్తటి ఎముక (మృదులాస్థి) బయటపడినా సర్జన్‌నే అడగాలి. పెదవి అంచు ఒక్క మిల్లీమీటరు తప్పినా జన్మంతా తెలుస్తుంది. కుక్క కరిచిన గాయం వేరే లెక్క. దాన్ని సబ్బుతో 15 నిమిషాలు కడిగి, రేబిస్ టీకాకి, దాంతో పాటు ఇచ్చే రక్షణ మందు ఇమ్యునోగ్లోబులిన్‌కి వెంటనే వెళ్ళాలి.

షాపతను ఇచ్చిన ట్యూబు బయటికి తీసి పేరు చదవండి. బీటామెథసోన్, క్లోబెటసాల్, మోమెటసోన్ అని కనిపిస్తే అది స్టెరాయిడ్. డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో ఇలాంటి క్రీముల్ని షెడ్యూల్ హెచ్‌లో చేర్చారు, అయినా చేతులు మారుతూనే ఉన్నాయి. మొహం మీద అదే పనిగా రాస్తే చర్మం పలచబడి, నరాలు తేలి, మచ్చ కంటే పెద్ద తలనొప్పి అవుతుంది. విటమిన్ ఇ వల్ల మచ్చ తగ్గుతుందనడానికి గట్టి రుజువు లేదు. కొందరికి దద్దురు వస్తుంది కూడా. మీ అక్కగారికి నా తరఫున థాంక్స్ చెప్పి, క్యాప్సూల్ పక్కన పెట్టండి. నిమ్మరసం అసలే వద్దు.

చెయ్యాల్సినవి కొన్నే. గాయం పూర్తిగా మూసుకుంది కాబట్టి సిలికాన్ జెల్ రోజుకి రెండుసార్లు, సన్నటి పొరలా, రెండు మూడు నెలలు రాయండి. కంట్లోకి జారకుండా చూసుకోండి. జెల్ కంటే సిలికాన్ పట్టీ మంచిదంటారు గానీ రోజుకి కనీసం 12 గంటలు ఉంచాలి. నాలుగేళ్ళ పిల్ల మొహం మీద 12 గంటలు ఏదైనా నిలిచిందంటే నేనే వచ్చి చూస్తాను. ఇంకోటి మర్దన: వేలికి కొంచెం పెట్రోలియం జెల్లీ రాసుకుని, గీత మీద చిన్న చిన్న సున్నాలు చుడుతున్నట్టు, ఆ చోటు కాస్త పాలిపోయేంత గట్టిగా, రెండు పూటలా ఐదేసి నిమిషాలు. కథ చెబుతూ చేస్తే పాప కదలదు.

అన్నిటికంటే ముఖ్యం ఎండ. మన చామనఛాయ చర్మం దెబ్బ తగిలిన చోట ఇట్టే నల్లబడుతుంది. ఎండ పడితే ఆ నలుపు నెలల తరబడి పోదు. చాలామంది "మచ్చ" అని తెచ్చి చూపించేది చాలావరకు ఆ నలుపే. ఏడాది పాటు బయటికెళ్తే వెడల్పు అంచు టోపీ, జింక్ ఆక్సైడ్ ఉన్న ఎస్‌పీఎఫ్ 30 సన్‌స్క్రీన్ ఉండాలి. స్కూలుకి వెళ్ళేముందు బొట్టు పెట్టినంత మామూలుగా ఇదీ అలవాటు చెయ్యండి.

రోజూ అద్దం ముందు నిలబెట్టి చూడకండి. నెలకోసారి, అదే కిటికీ దగ్గర, అదే వేళకి ఫోన్‌లో ఫొటో తీయండి. మూడు నెలలు దాటాక కూడా గట్టిపడుతున్నా, దురద పెడుతున్నా, గాయం హద్దు దాటి పెరుగుతున్నా చర్మ వైద్యుడికి చూపించండి. మీ ఇంట్లో ఎవరికైనా చెవులు కుట్టించుకున్న చోట కాయల్లాంటివి వచ్చి ఉంటే ఆ మాట డాక్టర్‌కి ముందే చెప్పండి. లేజరో, మచ్చ కోసి మళ్ళీ కుట్టడమో అనేవి ఏడాది తర్వాతి ముచ్చట్లు. ఇక "ఆడపిల్ల మొహం" అనేవాళ్ళ మాట. అబ్బాయైతే ఎండలో వదిలేస్తారా? పాప వినేటట్టు ఆ మాట అననివ్వకండి. నాలుగేళ్ళకి అన్నీ అర్థమవుతాయి.

ప్రశ్న: మా బాబుకి ఎనిమిదేళ్ళు. ఐదు రోజుల కిందట సైకిల్ మీంచి తారు రోడ్డు మీద పడి చెంపంతా దోక్కుపోయింది. స్పిరిట్‌తో తుడిచి పౌడర్ చల్లాం. గాలి తగిలితే ఆరుతుందని కట్టు కట్టలేదు. నల్లగా పక్కు కట్టింది, వాడు గిల్లుతూనే ఉంటాడు. గిల్లిన చోట తెల్లగా, గులాబీ రంగుగా ఉంది. ఆ రంగు అలాగే ఉండిపోతుందా? టీటీ ఇంజెక్షన్ వేయించాలా?
- ఒక తండ్రి, నిజామాబాద్

జవాబు: గాలి తగిలితే మానుతుందన్నది మనందరి ఇళ్ళలో ఉన్న నమ్మకమే గానీ చర్మం తీరు దానికి ఎదురు. తడి ఆరని చోటే కొత్త చర్మం త్వరగా పాకుతుంది. ఎండి పెచ్చు కడితే దాని కిందుగా దారి వెతుక్కోవాలి. స్పిరిట్ క్రిములతో పాటు ఆ లేత చర్మాన్నీ మాడ్చేస్తుంది. మానండి. ఇప్పట్నుంచి రోజూ మామూలు సబ్బు, నీళ్ళతో మెల్లిగా కడిగి, ఒత్తి తుడిచి, కొత్త ట్యూబులోని పెట్రోలియం జెల్లీ సన్నగా రాయండి. ఇంట్లో అందరూ వేలు పెట్టే డబ్బాలోది వద్దు. చెంప మీద కట్టు నిలవదు కాబట్టి రోజుకి మూడు నాలుగుసార్లు రాస్తూ ఉండండి. పక్కు మెత్తబడి తనంతట తనే ఊడుతుంది. గోళ్ళు కత్తిరించండి. "గిల్లకు" అని వందసార్లు చెప్పడం కంటే జెల్లీ రాసే డ్యూటీ వాడికే ఇవ్వండి.

ఒక పని మాత్రం ఇవాళే చేయండి. పక్కు మెత్తబడ్డ చోట టార్చి వేసి చూడండి. నల్లటి, నీలపు చుక్కలు కనిపిస్తే అవి తారు, ఇసుక. మొదటి రోజే మత్తు మందు పెట్టి రుద్ది కడిగితే సులువుగా వచ్చేవి. ఇప్పుడు కొంచెం ఆలస్యమైనా డాక్టర్‌కి చూపించండి. లోపల ఉండిపోతే పచ్చబొట్టే. నా గడ్డం గురించి పైన చెప్పాను కదా. ఇంకెక్కడా ఇసుక లేకపోతే భయం లేదు. పైపైన దోక్కుపోయిన చోట ఆ లేత రంగు కొన్ని నెలల్లో మామూలవుతుంది. టోపీ, సన్‌స్క్రీన్ వీడికీ అంతే. ఎరుపు పక్కలకి పాకుతున్నా, చీము, జ్వరం వచ్చినా ఆగకండి.

టీటీకి ముందు టీకాల కార్డు తీయండి. 5-6 ఏళ్ళ డీపీటీ బూస్టర్ పడి ఉంటే ఎనిమిదేళ్ళ బాబుకి ఇప్పుడు మళ్ళీ అక్కర్లేదు. పడిన ప్రతిసారీ టీటీ పొడిపించడం మన అలవాటు, అవసరం కాదు. కార్డులో ఆ గడి ఖాళీగా ఉంటే రేపే వెళ్ళండి.

ప్రశ్న: మా అబ్బాయి వాళ్ళు డాలస్‌లో ఉంటారు. రెండేళ్ళ మనవడు బాత్‌రూమ్‌లో జారి గడ్డం చిట్లిందట. కుట్లు వేయకుండా గమ్ము పెట్టి అతికించి పంపారట! చెప్పులు అతికించినట్టు అదేం వైద్యం తల్లీ? పుండు మానేదాకా పప్పు పెట్టొద్దు, చీము పడుతుందంటే కోడలు నవ్వుతోంది.
- ఒక నాయనమ్మ, అనకాపల్లి

జవాబు: ఆ గమ్ము చెప్పులది కాదు నాయనమ్మగారూ, చర్మానికే తయారుచేసింది. అంచులు చక్కగా కలిసే చిన్న గాయాలకి మన ఊళ్ళలోనూ వాడుతున్నాం. సూది గుచ్చే పని లేదు, మళ్ళీ వెళ్ళి కుట్లు తీయించుకునే ఏడుపూ లేదు. ఐదు నుంచి పది రోజుల్లో పొట్టులా లేచి రాలిపోతుంది. అది రాలేదాకా దాని మీద నూనె, జెల్లీ, ఆయింట్‌మెంట్ ఏదీ రాయకూడదు. రాస్తే జిగురు కరిగి గాయం విచ్చుకుంటుంది. పైన ఇద్దరికీ జెల్లీ రాయమన్నాను కదా అని మీరు ఫోన్ చేసి చెప్పేస్తారేమోనని ముందే అంటున్నాను. నీళ్ళలో నానబెట్టకూడదు, రుద్దకూడదు.

పప్పు విషయంలో కోడలే గెలిచింది. చీము పట్టించేది గాయంలో దూరిన క్రిములు, కందిపప్పు కాదు. మానడానికి మాంసకృత్తులు కావాలి. పత్యం పేరుతో చారన్నంతో సరిపెడితే మానడం ఆలస్యమవుతుంది. ముద్దపప్పులో నెయ్యి వేసి, తింటే ఓ గుడ్డు కూడా పెట్టమనండి. ఈసారి వీడియో కాల్‌లో గడ్డం దగ్గరగా చూపించమనండి. గమ్ము అంచు లేచి ఉంటే దాన్ని లాగొద్దని మాత్రం మీ మాటగా గట్టిగా చెప్పండి.