గాడి దగ్గర మొదలుపెట్టు

తమ్ముడూ,

మిల్లింగ్ కట్టర్ల మీద, అంటే గిర్రున తిరుగుతూ ఇనుమును కోసే పళ్ళ పనిముట్ల మీద, నువ్వు పంపిన వ్యాసం చదివాను. ప్లెయిన్, సైడ్ అండ్ ఫేస్, ఎండ్ మిల్, డవ్‌టెయిల్, వుడ్‌రఫ్... హాజరుపట్టీ పిలిచినట్టుంది. ఒక్కదాని పంటికీ ఇనుము తగల్లేదు.

మూడో పేజీలో మాత్రం ఒళ్ళు మండింది. నాలుగు పళ్ళ ఎండ్ మిల్‌ను నిట్టనిలువుగా జాబ్‌లోకి, అంటే కోయాల్సిన ముక్కలోకి, దించి కీవే (షాఫ్ట్‌లో కీ కూర్చునే గాడి) తీయాలట! ఏ ఎండ్ మిల్? అడుగు పళ్ళు కేంద్రందాకా రానిదైతే నడుమ కోత పడని బొడిపె మిగులుతుంది. కట్టర్ దానిమీద కూర్చుని కీచుమంటుంది. కేంద్రందాకా కోసే రెండు పళ్ళ స్లాట్ డ్రిల్ వచ్చింది అందుకే. అది గాడి వెడల్పునూ కాపాడుతుంది. ముందున్న పన్ను నిండు కోతలో పడి కట్టర్ కాస్త పక్కకి ఒరిగినా, ఆ క్షణాన గోడల దగ్గర పన్ను ఉండదు. నాలుగు పళ్ళదైతే ఉంటుంది, గోడను గీరేస్తుంది. పేరుతో కాదు, గాడితో మొదలుపెట్టు అని నేను మొత్తుకునేది ఇందుకే.

టీ గాడి, అంటే తిరగేసిన T ఆకారపు గాడి, చూడు. ముందు ఎండ్ మిల్‌తో నిలువు గాడి తీస్తాం. ఆ తర్వాతే టీ స్లాట్ కట్టర్ సన్నని మెడతో లోపల దూరి రెండు పక్కలా కోస్తుంది. చిప్స్, అంటే కోతలో రాలే తునకలు, పోయే దారి ఇరుకు. అప్రెంటిస్‌గా ఉన్నప్పుడు ఫీడ్ ఆపి చిప్స్ తీయడానికి బద్ధకించాను. టప్‌మంది. తల గాడిలో, మెడ కట్టర్‌ను పట్టే కొలెట్‌లో. ఆ తల ఊడదీయడానికి సాయంత్రమైంది.

ఆ సంగతే నా తొలి వ్యాసం. ఒక సంపాదకుడు 'కట్టర్' కొట్టేసి 'ఛేదని' అని, 'ఆర్బర్' (కట్టర్‌ను తొడిగే కడ్డీ) కొట్టేసి 'ఇరుసుదండం' అని అచ్చేశాడు. చదివితే నాకే అర్థం కాలేదు. మిషన్ దగ్గర నిలబడ్డవాడెవడూ 'ఛేదని ఇటివ్వు' అనడు. నువ్వూ 'దంతచక్ర కర్తనం' అన్నావు. గేర్ కటింగ్ అను, ఏం పోయింది?

ఆ పేరా మాత్రం బాగుంది. ఎనిమిది కట్టర్ల సెట్‌లో ఒకటి 135 పళ్ళ నుంచి రాక్ (తిన్నటి పళ్ళ కడ్డీ) దాకా కోస్తే, ఇంకోటి 12, 13 పళ్ళ గేర్లకే పనికొస్తుందన్నావు. ఎందుకో? పళ్ళు తగ్గేకొద్దీ పంటి వంపు గబగబా మారిపోతుంది. ఆ ముక్కే వదిలేశావు.

నువ్వడిగిన పుస్తకం సంగతి, పారితోషికం సంగతి తర్వాత. స్లిట్టింగ్ సా (సన్నని గాడి కోసే పలచని గుండ్రటి కట్టర్) పక్కలు అంచు నుంచి మధ్యకి ఎందుకు పలచబడతాయో నీ వ్యాసంలో లేదు. అది రాసి పంపు, సా గాడిలో పట్టేసినప్పుడు చేసే చప్పుడుతో సహా.