కంపెనీ చార్టర్ కాగితాల మీద సంతకం పెట్టేముందు ఏం చూడాలి?

ఒంగోలులో స్నేహితుడితో కలిసి ప్రైవేట్ లిమిటెడ్ పెడుతున్నాను, ఆడిటర్ గారు పంపిన చార్టర్ కాగితాలు చదవాలా, సంతకం పెట్టేస్తే సరిపోతుందా అని ఒకరు అడిగారు. చదవాల్సిందే, అందులోనూ ఆర్టికల్స్.

మన దగ్గర చార్టర్ అంటే మెమోరాండం, ఆర్టికల్స్ అనే రెండు పత్రాలు. కంపెనీ పేరు, రాష్ట్రం, చేసే వ్యాపారం, వాటాదారుల బాధ్యత ఎంతవరకు, మూలధనం ఎంత అన్నవి మెమోరాండంలో ఉంటాయి. డైరెక్టర్ల అధికారాలు, ఓట్లు, షేర్ల బదిలీ లాంటి ఇంటి సంగతులన్నీ ఆర్టికల్స్‌లో. 1600లో ఈస్టిండియా కంపెనీకైతే ఇంగ్లండు రాణే చార్టర్, అంటే అనుమతి పత్రం, ఇవ్వాల్సి వచ్చింది. ఇప్పుడు 2013 కంపెనీల చట్టం ప్రకారం కంపెనీ నమోదుకు వాడే స్పైస్ ప్లస్ ఫారంతో ఈ రెండూ ఆన్‌లైన్‌లో దాఖలు చేస్తే కంపెనీల రిజిస్ట్రార్ సర్టిఫికెట్ ఇస్తారు. దాని మీదున్న తేదీ నుంచే కంపెనీకి సొంత ఉనికి.

మాది చీమకుర్తి దగ్గర గ్రానైట్ పాలిషింగ్ యూనిట్. నేనూ, మా బావమరిదీ చెరి సగం. మాకొచ్చిన డ్రాఫ్టులో ఆర్టికల్స్ దగ్గర 'టేబుల్ ఎఫ్ వర్తిస్తుంది' అని ఒక్క ముక్కే ఉంది. అది చట్టంలోని రెడీమేడ్ నమూనా. తీసి చదివితే, బోర్డులో ఓట్లు సమానమైనప్పుడు చైర్మన్‌కి రెండో ఓటు ఉంటుందని కనపడింది. ఉన్నదే ఇద్దరు డైరెక్టర్లు! మావాడు ఆ లైను కింద పెన్నుతో గీత గీసి, "అయితే ఇంక నేనెందుకు బావా?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ సాయంత్రమంతా దాని మీదే పోయింది. రెండో ఓటు తీసేయించాం. ఒకరు షేర్లు అమ్ముకోవాలంటే ముందు రెండోవారికే చెప్పాలని కూడా రాయించాం. ఆడిటర్ గారు కాస్త విసుక్కున్నారు. పర్లేదు, రేపు గొడవొస్తే తీర్చుకోవాల్సింది మేమే కదా.

వ్యాపారం ఏమిటో రాసే చోట మాత్రం ఆయనే మంచి మాట చెప్పారు: "పాలిషింగ్ ఒక్కటే రాస్తే ఎలా, ఎగుమతి చేయరా?" తర్వాత మార్చాలంటే వాటాదారుల ప్రత్యేక తీర్మానానికి నాలుగింట మూడు వంతుల ఓట్లు కావాలి. చెరి సగం కంపెనీలో ఒకరు కాదంటే అక్కడితో సరి.

అడ్రసు గురించి టెన్షన్ వద్దు. మెమోరాండంలో ఉండేది రాష్ట్రం పేరే. ఆఫీసు నెల్లూరుకు మార్చినా దాన్ని ముట్టుకోనక్కర్లేదు. హైదరాబాద్‌కి మారితేనే మెమోరాండం సవరించి, కేంద్రం అనుమతి తెచ్చుకోవాలి.