ఒడ్డున డాక్‌యార్డ్ ఉండగా జలాంతర్గాములకు టెండర్ ఓడ ఎందుకు?

జలాంతర్గాములకు ఒడ్డున స్థావరం, డాక్‌యార్డ్ ఉన్నప్పుడు వాటికి మరమ్మతులు చేసి, సామగ్రి అందించే టెండర్ ఓడను ప్రత్యేకంగా నడపవలసిన అవసరం ఏమిటని, ఈ కాలంలో అటువంటి ఓడలకు ఇంకా పని ఉందా అని మీరు అడిగారు. భారత నౌకాదళంలో ఇంజిన్ రూమ్ ఆర్టిఫిసర్‌గా, అంటే యంత్రాల పని చేసే సాంకేతిక నావికుడిగా ఉన్న రోజుల్లో కొంతకాలం జలాంతర్గాముల టెండర్ ఐఎన్‌ఎస్ అంబా వర్క్‌షాప్‌లో పనిచేశాను కాబట్టి, లోపలి నుంచి చూసిన మనిషిగా జవాబు రాస్తున్నాను. డాక్‌యార్డ్‌కు ప్రత్యామ్నాయంగా టెండర్‌ను చూస్తే దాని విలువ అర్థం కాదు. జలాంతర్గామి గస్తీ తిరిగే చోటికి దగ్గరలో నిలబడి, దానికి సముద్రంలో మరికొన్ని రోజులు సంపాదించి పెట్టడమే టెండర్ పని.

ముందు దూరం లెక్క చూడండి. ఒక డీజిల్ జలాంతర్గామి గంటకు 8 నాటికల్ మైళ్ల సగటు వేగంతో 2,000 నాటికల్ మైళ్లు వెళ్లాలంటే 250 గంటలు, అంటే పది రోజులకు పైగా పడుతుంది. తిరిగి రావడానికి మళ్లీ అంతే. అరవై రోజుల ప్రయాణంలో మూడో వంతుకు మించి రాకపోకలకే పోతే, అసలు పనికి మిగిలేది నలభై రోజుల లోపే. ఆ మధ్యలో ఒక కవాటం లీకవుతోందనో, ఒక పంపు బేరింగ్ పోయిందనో ఇంటిముఖం పట్టవలసి వస్తే ఆ గస్తీ మొత్తం వృథా అయినట్టే. అదే టెండర్ సగం దూరంలో ఏదో ఒక రేవులో లంగరు వేసుకుని ఉంటే, జలాంతర్గామి అక్కడికి వచ్చి, మరమ్మతు చేయించుకుని, ఇంధనం, టార్పెడోలు, ఆహారం ఎక్కించుకుని మళ్లీ వెళ్లిపోగలదు.

మన నౌకాదళం ఈ సంగతిని మొదటి రోజే గుర్తించింది. సోవియట్ యూనియన్ నుంచి వచ్చిన ఫాక్స్‌ట్రాట్ తరగతి జలాంతర్గాముల్లో మొదటిదైన ఐఎన్‌ఎస్ కల్వరి 1967 డిసెంబరు 8న నౌకాదళంలో చేరింది. ఆ మరుసటి ఏడాది డిసెంబరులోనే, నాటో కూటమి ఉగ్రా తరగతి అని పిలిచే సోవియట్ డిపో షిప్ (టెండర్ వంటి ఓడే) నమూనాపై తయారైన అంబా చేరింది. విశాఖపట్నంలో జలాంతర్గాముల స్థావరంగా ఐఎన్‌ఎస్ వీరబాహు మొదలైంది మాత్రం 1971 మే 19న. అంటే ఒడ్డున స్థావరం ఏర్పడేనాటికే తేలే స్థావరం మన చేతిలో ఉంది. 2006లో విరమించేవరకు అంబా ఆ సేవలోనే ఉంది.

టెండర్ లోపల ఏముంటుందో చెబుతాను. లేత్‌లు, మిల్లింగ్ మిషన్లు ఉన్న మెషిన్ షాప్, వెల్డింగ్ షాప్, చిన్న పోత పని చేసే ఫౌండ్రీ, విద్యుత్ మోటార్లకు తీగ చుట్టే విభాగం, పెరిస్కోప్ అద్దాలు చూసే ఆప్టికల్ విభాగం, టార్పెడోలను విప్పి పరీక్షించే వర్క్‌షాప్, బ్యాటరీ చార్జింగ్‌కు కావలసిన జనరేటర్లు, అధిక పీడన గాలి కంప్రెసర్లు, డైవర్ల బృందం, చిన్న ఆసుపత్రి, పక్క ఓడల సిబ్బందికి సైతం సరిపడే పడకలు, స్నానాల గదులు, లాండ్రీ ఉంటాయి. ఇవన్నీ ఒకే చోట ఉండడం కన్నా, ఒక విభాగం నుంచి మరో విభాగానికి నాలుగు మెట్లు దిగి వెళ్లగలగడమే పెద్ద సౌకర్యం. డాక్‌యార్డ్‌లో ఒక విడిభాగం మూడు షాపులు తిరగాలంటే కాగితాలు కూడా దాని వెంట తిరగాలి.

ఉదాహరణకు అధిక పీడన గాలి కవాటం. జలాంతర్గామి మునిగాక మళ్లీ పైకి రావాలంటే బ్యాలస్ట్ ట్యాంకుల్లోని నీటిని గాలితో బయటికి నెట్టాలి. ఆ గాలి చదరపు సెంటీమీటరుకు సుమారు 200 కిలోల పీడనంలో సీసాల్లో నిల్వ ఉంటుంది. కవాటం సీటు మీద వెంట్రుకవాసి గీత పడినా గాలి నెమ్మదిగా కారిపోతూనే ఉంటుంది. అటువంటి కవాటం మా బెంచీ మీదకు వచ్చినప్పుడు మా చీఫ్ ఆర్టిఫిసర్ ముందుగా స్పిండిల్ (కవాటాన్ని మూసే కడ్డీ) కొనకు ప్రష్యన్ బ్లూ రంగును పలచగా పూసి, సీటులో ఆనించి, కొద్దిగా తిప్పి తీసేవారు. సీటు చుట్టూ నీలి వలయం ఎక్కడా తెగకుండా పడితే సరి, ఎక్కడైనా ఖాళీ కనిపిస్తే గ్రైండింగ్ పేస్టుతో మళ్లీ అరగదీయడమే. విడిభాగం నిల్వలో లేనప్పుడు పాత స్పిండిల్‌ను కొలిచి లేత్ మీద కొత్తది తయారు చేసేవాళ్లం. ఆపైన నీటి పీడనంతో పరీక్షించి, జలాంతర్గామి ఇంజనీరు స్వయంగా చూసి ఒప్పుకున్న తర్వాతే అది మా చేతులు దాటేది. ఆ కవాటం మీద డెబ్బైమందికి పైగా మనుషుల ప్రాణాలు ఆధారపడి ఉన్నాయన్న ఎరుక ఆ గదిలో అందరికీ ఉండేది. నేను చేసిన పనుల్లో అంత నిష్ఠ కోరిన పని మరొకటి లేదు.

బ్యాటరీల సంగతి ఇంకా సున్నితం. ఫాక్స్‌ట్రాట్ వంటి డీజిల్ జలాంతర్గామికి నీటి కింద కదలడానికి ఆధారం లెడ్ యాసిడ్ సెల్స్. అవి వందల సంఖ్యలో డెక్ కింద, మనిషి వంగి పాకవలసినంత ఇరుకులో ఉంటాయి. చార్జింగ్ చివరి దశలో సెల్స్ నుంచి హైడ్రోజన్ వెలువడుతుంది. గాలిలో దాని శాతం 4కు చేరితే ఒక్క నిప్పురవ్వ చాలు. అందువల్ల టెండర్ నుంచి కరెంటు ఇస్తున్నంతసేపూ వెంటిలేషన్ ఫ్యాన్లు తిరుగుతున్నాయా, హైడ్రోజన్ మీటరు ఎంత చూపుతోంది, ఏ సెల్‌లో హైడ్రోమీటరు (యాసిడ్ సాంద్రత కొలిచే పరికరం) రీడింగ్ తక్కువగా ఉంది, ఎక్కడ డిస్టిల్డ్ వాటర్ పోయాలి అన్నది ఒకరు చూస్తూ, ఒకరు రాస్తూ ఉండాలి. ఆ డిస్టిల్డ్ వాటర్ కూడా టెండరే తయారు చేసి ఇస్తుంది. సముద్రపు నీరు బ్యాటరీ గుంటలోకి చేరితే క్లోరిన్ విషవాయువు పుడుతుంది కాబట్టి, నీటి గొట్టాలు కలిపే ప్రతిసారీ రెండు ఓడల వాళ్లూ కలిసి సరిచూసుకునేవారు.

బయటివారికి సులువుగా కనిపించి, నిజానికి కష్టమైన పని జలాంతర్గామిని టెండర్ పక్కన కట్టడం. జలాంతర్గామి శరీరం గుండ్రంగా నీటి కింద ఉబ్బి ఉంటుంది, వెనుక ప్రొపెల్లర్లు, హైడ్రోప్లేన్లు (లోతును అదుపు చేసే రెక్కలు) పక్కలకు పొడుచుకు వస్తాయి. రెండు ఓడలు ఒరుసుకోకుండా మధ్యన ఉంచే మామూలు ఫెండర్లు నీటిపైనే తేలుతూ ఉంటే ప్రయోజనం లేదు, లోతుగా దిగే ఫెండర్లు కావాలి. అల పెద్దదైతే రెండు ఓడలూ ఒకే తీరుగా ఊగవు. మూరింగ్ తాళ్లు, కరెంటు కేబుళ్లు, గాలి గొట్టాలు ఒకేసారి బిగుసుకుంటాయి. ఆ సమయంలో క్రేన్ నుంచి టార్పెడోను ఏటవాలుగా హ్యాచ్‌లోకి దించుతుంటే డెక్ మీద ఎవరూ మాట్లాడుకోరు, సైగలే.

విశాఖ సాగరతీరంలో మ్యూజియంగా మారిన ఐఎన్‌ఎస్ కుర్సురా జలాంతర్గామి లోపలికి వెళ్లి చూసినవారికి మరో విషయం వేరే చెప్పనక్కరలేదు. అంత ఇరుకులో, డీజిల్ వాసనలో, మంచినీళ్లు లెక్కగా వాడుకుంటూ వారాలు గడిపి వచ్చిన మనుషులకు వేడినీళ్ల స్నానం, ఉతికిన బట్టలు, ఒంటరిగా పడుకునే పడక ఎంత అవసరమో అక్కడే తెలుస్తుంది. టెండర్ చేసే సేవలో ఇది చివరి వరుసలో రాసే విషయంగా భావిస్తారు. నా దృష్టిలో మెషిన్ షాప్ తర్వాతి స్థానం దీనిదే.

యుద్ధకాలంలో టెండర్ల బలం, బలహీనత రెండూ బయటపడ్డాయి. 1941 డిసెంబరులో ఫిలిప్పీన్స్‌లో ఉన్న అమెరికా టెండర్ కనోపస్ బాంబు దెబ్బలు తిన్నది. జలాంతర్గాములు దక్షిణానికి వెళ్లిపోయాక దాని సిబ్బంది ఓడను పాడుపడిన శిథిలంలా కనిపించేటట్టు చేసి, పగలు పొగ పెట్టి, రాత్రిళ్లు వర్క్‌షాప్ నడుపుతూ అక్కడి బటాన్ ద్వీపకల్పంలో పోరాడుతున్న సైన్యానికి ఆయుధాలు బాగుచేసి ఇచ్చారు. 1942 ఏప్రిల్‌లో శత్రువు చేతికి చిక్కకుండా తామే ముంచేశారు. అదే ఏడాది జూన్ 30న మధ్యధరా సముద్రంలో బ్రిటిష్ డిపో షిప్ మెడ్వేను జర్మన్ జలాంతర్గామి యూ-372 ముంచింది. అందులో ఉన్న 90 టార్పెడోల్లో 47 నీటిపై తేలితే ఏరి తెచ్చుకోగలిగారు. ఇన్ని వనరులు ఒకే ఓడలో పెడితే, ఆ ఓడను పోగొట్టుకున్న రోజున జరిగే నష్టం ఎంతటిదో మెడ్వే ఉదంతం చూపుతుంది.

అణు జలాంతర్గాములు వచ్చాక టెండర్ల అవసరం తగ్గుతుందనుకుంటే మొదట పెరిగింది. జలాంతర్గాముల నుంచి ప్రయోగించే తొలి పొలారిస్ అణు క్షిపణుల పరిధి సుమారు 2,200 కిలోమీటర్లే కాబట్టి వాటిని మోసే జలాంతర్గాములు ముందు వరుసలో ఉండాలి. క్షిపణుల కోసం అమెరికా నౌకాదళం ప్రోటియస్ అనే పాత టెండర్‌ను నడుమ కోసి, 44 అడుగుల కొత్త భాగం అతికించి, 1961 మార్చిలో స్కాట్లండ్‌లోని హోలీ లాక్‌కు పంపింది. ప్రతి జలాంతర్గామికీ రెండు జట్ల సిబ్బంది ఉండేవారు. ఒక జట్టు దిగి, మరో జట్టు ఎక్కే మధ్యకాలంలో టెండర్ దానిని మళ్లీ గస్తీకి సిద్ధం చేసేది. తర్వాతి తరం ట్రైడెంట్ క్షిపణుల పరిధి ఎన్నో రెట్లు పెరగడంతో, ప్రచ్ఛన్న యుద్ధం కూడా ముగియడంతో ఆ స్థావరం 1992లో మూతపడింది.

ఇక ఈనాటి సంగతి. మన దగ్గర అంబా స్థానంలో అదే తరహా డిపో షిప్ మరొకటి రాలేదు. అమెరికా నౌకాదళంలో 1970ల చివరి కాలంలో తయారైన ఎమరీ ఎస్. ల్యాండ్, ఫ్రాంక్ కేబుల్ అనే రెండు టెండర్లు గువాం కేంద్రంగా పసిఫిక్‌లో పనిచేస్తూ వచ్చాయి. స్వదేశపు తీరంలోనే గస్తీ తిరిగే దేశానికి టెండర్ తప్పనిసరి కాదు, మంచి స్థావరం చాలు. ఇంటికి వేల మైళ్ల దూరంలో జలాంతర్గాములు నిలపదలచిన దేశానికి మాత్రం ఈనాటికీ అది కావాలి. ఓడను కొన్ని సంవత్సరాల్లో కట్టవచ్చు గాని, దానిలో పనిచేసే ఆర్టిఫిసర్లు, వెల్డర్లు, డైవర్లు తయారు కావడానికి అంతకన్నా ఎక్కువ కాలం పడుతుందని నేను నమ్ముతాను. ఆస్ట్రేలియా ఈ విషయాన్ని ముందే గ్రహించినట్టుంది. 2024లో ఎమరీ ఎస్. ల్యాండ్ పశ్చిమ ఆస్ట్రేలియాలోని స్టిర్లింగ్ స్థావరానికి వచ్చి అణు జలాంతర్గామి యూఎస్‌ఎస్ హవాయికి మరమ్మతులు చేసినప్పుడు, ఆ ఓడ మీద ముందుగానే శిక్షణ పొందిన ఆస్ట్రేలియా నావికులు అమెరికా సిబ్బందితో కలిసి స్వయంగా పనిచేశారు.